మంట కాదది, బరువు

భావనపాడు దగ్గరి కొబ్బరితోటల్లో మా మేనమామంత తిండిపుష్టి గల మనిషి ఆ రోజుల్లో ఇంకొకడు లేడు. ఏ పెళ్లిలో భోంచేసినా రొమ్ము రాసుకుంటూ లేచేవాడు. పులితేపులు తేన్చి, కాస్త వాము నమిలి, "తిన్నది పైకొత్తంది, అంతే" అని నవ్వేవాడు. నడుం వాలిస్తే రొమ్ములో మంట పెరిగేది, మజ్జిగ తాగితే దిగిపోయేది.

ఒక వేసవి ఉదయం, ఇంకా ఏమీ తినకముందే, కొబ్బరికాయల కావిడితో ఇసుకదిబ్బ ఎక్కుతూ ఆగిపోయాడు. కావిడి దించేసి రొమ్మును అదిమి పట్టుకున్నాడు. ఒళ్లంతా చెమట.

"ఏటి మావా, మంటా?" అన్నాను.

"మంట కాదే. తేపూ లేదు. ఏదో బరువెక్కి కూకుంది. ఎడం సెయ్యి లాగేత్తంది."

కూర్చోబెడితే కాస్త నెమ్మదించింది. తోటలోంచి పరుగున వచ్చిన అత్త వాము పెట్టింది. నమిలినా ఏమీ మారలేదు. అత్త పాలేరుని కేకేసి ఇంటికి పరిగెత్తించింది. "బండి కట్టమన్నాను. టెక్కలి డాక్టరు కాడికి ఎల్దాం" అంది.

"ఇంత దానికి బండేటే?" అంటూ మామ లేచి కావిడి ఎత్తబోయాడు. అలాగే ఇసుకలోకి ఒరిగిపోయాడు. మళ్లీ పలకలేదు.

అత్త ఆయన ఎడం చేతిని ఒళ్లో పెట్టుకుని ఒత్తుతూనే ఉంది. ఇంతలో బండి వచ్చి ఆగింది. ఎద్దుల్ని విప్పెయ్యమని చెప్పడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు.