అనిత చోటు

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ లెక్చరర్‌గా నా చివరి ఏడాది, వేసవి మొదట్లో, యాడికి ఊరి దగ్గరి ఒక హైస్కూలుకు డిప్యుటేషన్ మీద పంపారు. ఎనిమిదో తరగతి పిల్లలకు కంప్యూటర్ చిప్ గురించి చేతిపనితో నేర్పాలి. జీవితమంతా చిప్పులు బోధించినవాడికి చివరికి కత్తెర, జిగురు ఇచ్చారని మొదట చిరాకుపడ్డాను.

పద్ధతి ఇది. ఒక్కొక్కరూ అట్టముక్క మీద వెండిరంగు రేకుకాగితంతో దారులు అంటించి, మధ్యలో చిన్న చిప్ గుచ్చాలి. ఆ చిప్ తన కాళ్ల, అంటే లోహపు పిన్నుల దగ్గరికొచ్చిన 'అవును', 'కాదు'లను చూసి పక్క అట్టకు జవాబు పంపుతుంది. చివరికి 'అవును' వస్తే ఆఖరి అట్ట మీది ఎర్రదీపం వెలుగుతుంది.

నేల మీద అట్టలు పేర్చేటప్పుడు పిల్లలు ఒక చోటు ఖాళీ వదిలారు. పక్క అట్ట మీది చిప్ కాలి నుంచి వచ్చే రేకు కొస ఎక్కడా తగలకుండా ఉండిపోయింది. "ఆడ అనిత కూచుంటాది సార్. ఏడాది తిరిగేదాకా ఎవురూ కూచోము," అన్నారు. అనిత గత వానాకాలం చెనిక్కాయ చేలో పాము కరిచి చనిపోయిన పిల్ల. తల్లి ఓబులమ్మ ఆ బడిలోనే మధ్యాహ్న భోజనం వండుతుంది. నేను కాదనలేకపోయాను.

దీపం వెలగలేదు. అంతలో ఓబులమ్మ భోజనానికి పిలవడానికి లోపలికొచ్చి ఆ ఖాళీ దగ్గర ఆగింది. దీపం వెలిగింది. వెనక్కి జరిగితే ఆరిపోయింది. కొండ మీది గాలిమరల హోరు ఒక్కటే వినిపించింది. "నా బిడ్డేనా సార్?" అని ఆమె మెల్లగా అడిగింది.

నాకు కారణం తెలుసు. ఎక్కడా కలపని కాలు 'కాదు' అని చెప్పదు. చుట్టుపక్కల ఏ కాస్త విద్యుత్తు దొరికినా పట్టుకుని ఏదో ఒకటి చెబుతుంది. మనిషి చెయ్యి దగ్గరికొచ్చినా చాలు. ఇదే ఆమెకు చెప్పి, ఎవరిదైనా ఇంతేనని నా చెయ్యి పెట్టాను. వెలగలేదు. పిల్లలు ఒక్కొక్కరే పెట్టారు. వెలగలేదు. ఓబులమ్మ పెట్టింది, వెలిగింది. ఆమెలాగే చెప్పులు విప్పి, చేతులు తడుపుకుని మళ్లీ చూశాను. లాభం లేకపోయింది.

ఆ పూట ఆమె వడ్డనకు లేవలేదు. చెయ్యి చాపి అక్కడే కూర్చుంది. మర్నాడూ అంతే, పొయ్యి వెలిగించలేదు. వదిలేస్తే ఈ మనిషి ఇక ఇక్కణ్నుంచి లేవదేమోనని భయం వేసింది. కొసను గ్రౌండుకు కడితే, అంటే బ్యాటరీ మైనస్‌కు కలిపితే, ఇక ఎవరొచ్చినా దీపం వెలగదని చెప్పాను. నిర్ణయం ఆమెకే వదిలాను.

ఓబులమ్మ దీపం వైపు చూసి, "కట్టేయండి సార్. బిడ్డ ఎంతసేపని నిలబడుకోని ఉంటాది," అంది.

కట్టాను. దీపం ఆరింది. ఆమె లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది.

వాడని కాలును ఖాళీగా వదలకూడదన్నది మా వృత్తిలో మొదటి నియమం. ఎందుకో బోర్డు మీద రాసి చూపగలను. కట్టే ముందు అది ఎవరి చోటో కనుక్కోవాలని మాత్రం ఆ బడిలోనే నేర్చుకున్నాను.