లారీ ఎడమ పక్క

మావారు మార్టూరులో పద్దెనిమిదేళ్ళు గ్రానైటు పలకల అంచులు నున్నగా చేశారు. ఆ రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని ఒంగోలు డాక్టరు చెప్పేనాటికి ఆయనకు నలభై రెండేళ్ళు. ఇక దుమ్ములో పని మానేయమన్నాడు. రెండువేల మూడో నాలుగో, సరిగ్గా గుర్తులేదు. మా వీధిలోకి మొదటి సెల్‌ఫోను వచ్చిన ఏడు.

ఊరికే కూర్చోవడం ఆయనకు చేతకాలేదు. ఒకరోజు నేను పొలం నుంచి వచ్చేసరికి వసారా నిండా చెక్కముక్కలు. పలకలు సర్ది పంపే పెట్టెల చెక్క, ఫ్యాక్టరీలో అడిగి తెచ్చుకున్నారు.

"ఏం చేస్తారు వీటితో?"

"లారీ చేస్తానే."

పెళ్ళికి ముందు ఆయన మూడేళ్ళు లారీ మీద క్లీనరుగా మద్రాసు రేవుదాకా తిరిగారు. ఆ రోజుల గురించి చెప్పేటప్పుడు ఆయన మొహమే వేరుగా ఉండేది. ఆ లారీనే అడుగుకి ముప్పావు అంగుళం లెక్కన చేయాలట. హైవే పక్కన ఆగిన లారీలను టేపుతో కొలిచి వచ్చారు. అరిగిన నా చెప్పులు కోసి టైర్లు చేశారు. రెండు నెలలకు అచ్చం లారీలా నిలబడింది.

పక్క వీధిలో లారీలకు రంగులు వేసే సాయిబుగారు డబ్బా అడుగున మిగిలిన, రంగుకు ముందు పూసే ప్రైమరూ, నీళ్ళలో తడిపి రుద్దే వాటర్ పేపరూ తెచ్చిచ్చాడు.

"రంగుకు తొందరపడకన్నా. ముందు ప్రైమరు అద్దంలా రావాల. లేకపోతే కింద గీతలన్నీ రంగులో కనపడిపోతాయి" అన్నాడు.

నేను లేని పూట మావారు తువ్వాలు ముక్కుకు కట్టుకుని, నీళ్ళు పెట్టకుండానే రుద్దారు. నేను వచ్చేసరికి తువ్వాలు దాటి మీసాల మీద కూడా బూడిదరంగు పొడి. దగ్గుకు కూర్చోలేక గోడకు ఒరిగిపోయారు. కాగితం లాక్కున్నాను.

"చావాలనుందా మీకు?"

"ఇది రాయి కాదే, రంగేగా."

"ఏదైనా దుమ్మే. ఇక నేను రుద్దుతా. మీరు కూర్చుని చెప్పండి."

అలా ఆ పని నా చేతికి వచ్చింది. చెప్పడం మాత్రం బాగా చెప్పేవారు. "చెయ్యి తేలిగ్గా ఆడించు. బట్టలుతుకుతున్నావా?" అని కసిరేవారు. మొదటి వారమే ఒక మూల ఎక్కువ రుద్ది చెక్క బయటపెట్టాను. అందులోకి నీళ్ళు దిగి చెక్క ఉబ్బింది. మూడు రోజులు ఆరబెట్టి, దానిమీద మళ్ళీ ప్రైమరు పూశారు. క్రమంగా నాకూ తెలిసింది. గరుకు ఉన్నంతసేపు కాగితం గీరుతున్న చప్పుడు వస్తుంది, నునుపు వచ్చాక జారిపోతుంది. తడి తుడిచి, వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడాలి. చివరికి ఆయన బొటనవేలితో తడిమి "ఊఁ" అంటే ఆ భాగం అయినట్టు.

మిరప కోతల రోజులు. ఎడమ పక్క ఒక్కటే మిగిలింది. ఆ సాయంత్రం నా చేతులు మోచేతుల దాకా మండుతున్నాయి. ఆయన బేసినులో నీళ్ళు పోసి, పీట వేసి నా కోసం ఎదురు చూస్తున్నారు.

"రేపు సాయిబు రంగు తెస్తానన్నాడు. ఇదొక్కటి చేసెయ్."

నాలుగుసార్లు అటూ ఇటూ రుద్ది, గుడ్డతో తుడిచి "అయిపోయింది" అన్నాను.

ఆయన బొటనవేలు ఆ చివర నుంచి ఈ చివరకు నెమ్మదిగా నడిచింది. మధ్యలో ఒకచోట ఆగింది. రాతిలో వెంట్రుకంత తేడా పట్టే వేలు అది. నేను వంటింటి వైపు చూస్తూ నిలబడ్డాను.

"బాగుంది" అన్నారు.

మర్నాడు ఆయనే ఇటుకరంగు వేశారు, కుంచె దించి ఊపిరి తీసుకుంటూ. ఆరాక చూస్తే కుడి పక్కన మా కిటికీ ఊచలు కనిపించేంత నునుపు. ఎడమ పక్కంతా కోడి గీరినట్టు గీతలు. ఆయన ఆ పక్కను గోడకు తిప్పి బీరువా మీద పెట్టారు. చూడటానికి ఎవరొచ్చినా "నునుపు చేసింది మా ఆవిడే" అని చెప్పేవారు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఒకరోజు ఉండబట్టలేక మాట కదిపాను. "ఆ ఎడమ పక్క ఆరోజు నేను..."

"ఊరుకోవే. రోడ్డెక్కిన లారీకి గీతలు పడవా?" అని నవ్వారు. ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది. నీళ్ళు తెచ్చే హడావిడిలో నేను చెప్పాలనుకున్నది పూర్తికాలేదు. తర్వాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ వానాకాలంలోనే ఆయన పోయారు.

మరుసటేడు ఇంటికి సున్నం వేయిస్తూ లారీని కిందికి దించాను. వాటర్ పేపరు ముక్కొకటి ఇంకా ఉంది. తడిపి, ఎడమ పక్కన ఆనించి ఒక్కసారి రుద్దాను. నీళ్ళు ఇటుకరంగుగా చేతిమీదుగా కారాయి. ఆయన వేసిన రంగు అది. నా చెయ్యి ఆగిపోయింది.

అటుగా వచ్చిన సాయిబుగారు చూసి "నేను చేసిస్తానమ్మా, కొత్తదానిలా అయిపోద్ది" అన్నాడు.

"వద్దన్నా" అన్నాను. సాయిబుగారు లారీ తలుపుమీద చెయ్యి వేసి చూసి వెళ్ళిపోయాడు.

నేను రుద్దినచోట బొటనవేలంత మేర రంగు పలచబడింది. దాన్ని అలాగే ఉంచేశాను.