దీపం కింద చెయ్యి

అప్పలసూరి ముప్పై రెండేళ్లు ఉక్కు ప్లాంటులో ప్రమాదం బోర్డులు రాశాడు. ‘సావధాన్’, ‘ఖతరా’, హెల్మెట్ లేనిదే లోపలికి రావద్దు, కింద నిలబడవద్దు. ఏ భాషలో అడిగినా స్కేలు పెట్టి గీసినట్టు రాసిచ్చేవాడు. అక్షరాలకు వంక పెట్టినవాడు లేడు గానీ పుర్రె బొమ్మల దగ్గరే చిన్న ఇబ్బంది వచ్చేది. అతను వేసిన పుర్రెలన్నీ ఎందుకో నవ్వుతున్నట్టుండేవి. “నీ బోర్డు చూత్తే భయమెయ్యదు సూరన్నా, పలకరించాలనిపిత్తాది” అని ప్లాంటు పెయింటు షాపులో తనతోపాటు పనిచేసే పోలరాజు ఆటపట్టించేవాడు. ఏ గొట్టం కారుతోందో, ఏ మెట్టు జారుతోందో అందరికంటే ముందు అప్పలసూరికే తెలిసేది. అంత చూపున్న మనిషికి ఇంట్లో ఎదురుగా ఉన్నది కనపడలేదంటే ఏమనాలి?

రిటైరై అయిదేళ్లు. పని కోసం వచ్చి స్థిరపడిపోయిన ఆ హిందీ ఊళ్లోనే, బారిడీహ్ పేటలో, కూతురు బిందుప్రియ దగ్గరే ఉంటున్నాడు. ఆమె బడిలో టీచరు. సెలవు దొరికితే చాలు, ఆడవాళ్ల సంఘం పని మీద బస్తీలన్నీ తిరుగుతుంది. ఆ సంఘం నడిపేది ఉమామహేశ్వరి, నర్సుగా చేసి మానేసిన మనిషి. పోయిన అక్టోబరులో వాళ్లు అగ్రికో పేటలో ఒక హాలు తీసుకుని బొమ్మల అమ్మకం పెట్టారు. బొమ్మలేసేవాళ్లు, ఇళ్లలో బొమ్మలున్నవాళ్లు ఊరికే ఇవ్వాలి. అమ్మిన డబ్బుతో ఆడవాళ్లకు రొమ్ము పరీక్షలు చేయిస్తారు, కేన్సర్ ముదరకముందే గడ్డను ఎలా పట్టుకోవాలో నేర్పుతారు.

“అమ్మ బొమ్మ ఇద్దాం నాన్నా” అంది బిందుప్రియ.

అప్పలసూరి మూడు రోజులు నసిగాడు. రేకు మీద వేసింది, అది బొమ్మేటి అన్నాడు. తుప్పు పట్టింది అన్నాడు. అసలు కారణం నోటికి రాదు కదా, చివరికి సరే అన్నాడు.

ఆ బొమ్మ వేసి తొమ్మిదేళ్లయింది. ప్లాంటులో పక్కన పడేసిన బోర్డు రేకు, మిగిలిపోయిన ఎనామిల్ రంగులు. ఆ ఏడు విశ్వకర్మ పూజకి షాపులో పెట్టాలని పంతం పట్టాడు. పూజ రోజు గేట్లు తెరుస్తారు, పెళ్లాంపిల్లలు వచ్చి మిషన్లు చూస్తారు, అందరి ముందూ తన పనితనం నిలబెట్టాలి. ఆదివారాలు భార్య సన్యాసమ్మను ఎర్రచీర కట్టించి కిటికీ దగ్గర కూర్చోబెట్టేవాడు.

“ఏటండీ, ఈ ఎడంపక్క గట్టిగా ఏదో తగులుతంది. సెయ్యెత్తితే లాగేత్తంది” అంది ఆమె రెండో ఆదివారం.

“ఏటీ ఉండదు. కదలకు, గీత తప్పిపోతాది.”

కదల్లేదు పాపం. కుడిచెయ్యి తీసుకెళ్లి ఎడం చంక కింద పెట్టుకుని, నొప్పిని అదిమిపట్టి కూర్చుంది. అతను చూసింది చూసినట్టు వేశాడు. వేళ్ల కణుపులు, గాజులు, వేళ్ల కింద నలిగిన జాకెట్టు, ఒక్కటీ వదల్లేదు. గంటలకు గంటలు ఆ చేతినే చూశాడు. అది అక్కడ ఎందుకుందో మాత్రం అడగలేదు.

తర్వాతి ఆదివారం ఆమె మళ్లీ అంది. “అది తగ్గలేదండీ. ఒకపాలి ఆస్పత్రికెల్దామా?”

“పూజ అవనీ, ఎల్దాం.”

పూజకి రెండు రోజుల ముందు పోలరాజు వచ్చి బొమ్మ చూశాడు. “ఏటన్నా, వదిన సంకలో సెయ్యెట్టుకుని కూకుంది? జొరమా?” అని పకపకా నవ్వాడు. అప్పలసూరికి తల కొట్టేసినట్టయింది. మర్నాడే ఆ చేతి మీద చీర ఎరుపు పులిమేసి, ముందుకు చాపిన కొత్త చెయ్యి వేసి, అందులో దీపం పెట్టాడు. కింది పూత పూర్తిగా ఆరకుండా పైపూత వెయ్యకూడదని కుర్ర పెయింటర్లను తిట్టేది అతనే. తొందరలో తనే ఆ తప్పు చేశాడు. పూజనాడు అందరూ మెచ్చుకున్నారు, లక్ష్మీదేవిలా ఉందన్నారు. సన్యాసమ్మ అదే చీర కట్టుకుని బొమ్మ పక్కన నిలబడి నవ్వింది.

పూజ అయింది. దసరా వచ్చింది, ఓవర్‌టైమొచ్చింది, ఆస్పత్రి వాయిదా పడింది. ఆమె మూడోసారి అడగలేదు. ఫిబ్రవరిలో గడ్డ పుండై జాకెట్టు తడిసినప్పుడు తీసుకెళ్లారు. ఆరు నెలల ముందు తెచ్చుంటే వేరేగా ఉండేదన్నారు డాక్టరు. “చెప్పొచ్చు కదమ్మా, ఎందుకు చెప్పలేదు?” అని బిందుప్రియ మంచం పట్టుకుని ఏడ్చింది. సన్యాసమ్మ మొగుడి వైపు ఒకసారి చూసింది.

“నానే సెప్పనేదమ్మా. సిగ్గేసింది” అంది.

అప్పలసూరి నోరు తెరవాల్సింది అప్పుడే. తెరవలేదు. ఆమె పోయాక ఆ మాటే ఊరంతా నిజమైపోయింది. అతను ఎనిమిదేళ్లుగా ఆ అబద్ధం చాటున బతుకుతున్నాడు, పెళ్లాం చచ్చిపోతూ ఇచ్చిపోయిన చాటు అది. ఒక్క రోజు కూడా హాయిగా లేదు.

అమ్మకం రెండో రోజు ఉమామహేశ్వరి ఫోన్ చేసింది. “అప్పలసూరి గారూ, మీ బొమ్మ సీతారాండేరా పేట వాళ్లెవరో తీసుకుంటామన్నారండీ. దీపం బాగుంది, వాళ్లింటి హాల్లో పెట్టుకుంటారట. ఆ దీపం దగ్గరే రంగు పొంగింది, ఒకసారి సరిచేసి వెళ్తారా?”

బ్రష్షులు, బ్లేడు పట్టుకుని వెళ్లాడు. బొమ్మ కింద కూతురు రాసిన అట్ట అతికించి ఉంది: ‘మా అమ్మ. ఎవరికీ చెప్పకుండా దాచుకుని పోయింది. మీరు దాచుకోకండి.’ పైన హిందీ, కింద తెలుగు. ముగ్గురు ఆడవాళ్లు అది చదివి, అయ్యో పిచ్చితల్లి, నోరు విప్పి చెప్పొద్దూ అనుకుంటూ వెళ్లారు.

చచ్చిపోయాక కూడా తప్పు ఆమెదే అంటున్నారు. అప్పలసూరి బ్లేడు తీశాడు.

పొంగిన రంగును ముందు గీకాలి, అప్పుడే కొత్తది వెయ్యాలి. అది పద్ధతి. బ్లేడు పెట్టగానే పెచ్చు లేచింది. కింద గాజు కనపడింది. ఇంకొంచెం గీకితే వేలి కణుపు. ఇక అతని చెయ్యి ఆగలేదు. దీపం పోయింది, చాపిన చెయ్యి పోయింది, ఎర్రరంగు పెచ్చులు పెచ్చులుగా నేల మీద రాలింది.

“నాన్నా! ఏంటి పాడుచేస్తున్నారు?” బిందుప్రియ పరిగెత్తుకొచ్చింది.

“పాడు సేసింది అప్పుడమ్మా. ఇదీ అసలు బొమ్మ. మీ అమ్మ సెయ్యి ఇక్కడుండేది.”

ఆమె చూసింది. చంక కింద అదిమి పట్టిన అయిదు వేళ్లు. బస్తీల్లో ఎంతమంది ఆడవాళ్లు అలా పట్టుకుని వచ్చి కూర్చున్నారో ఆమెకు తెలుసు.

“ఆప్ కో పతా థా?” అంది మెల్లిగా. మీకు ముందే తెలుసా అని.

“సెప్పిందమ్మా. నానే కదలొద్దన్నాను.”

బిందుప్రియ వంగి నేల మీది పెచ్చులు ఏరడం మొదలుపెట్టింది. అరిస్తే బాగుండునని అతనికి అనిపించింది. ఉమామహేశ్వరి దగ్గరికి రాబోయి అక్కడే ఆగిపోయింది. దీపం లేని బొమ్మ మాకొద్దని సీతారాండేరా వాళ్లు సాయంత్రానికి వెళ్లిపోయారు కూడా. ఆ బొమ్మకు రావలసిన నాలుగు డబ్బులూ అతని మూలంగానే పోయాయి.

వాళ్లు వెళ్లాక బిందుప్రియ అట్ట పీకి, వెనక్కి తిప్పి, తండ్రి ముందు పెట్టింది. “మీరే రాయండి. బోర్డులు రాసేవారుగా.”

అప్పలసూరి కూర్చుని రాశాడు. ముప్పై రెండేళ్లలో ఎన్నడూ లేనిది, వరస వంకర పోయింది. ‘ఈమె పేరు సన్యాసమ్మ. నొప్పి ఉందని చెప్పింది. మొగుడు వినలేదు.’

ఆమె చదివింది. అతని మొహం వైపు చూడలేదు.

“కిత్‌నీ బార్?” ఎన్నిసార్లు చెప్పింది?

“రెండుపాల్లు.”

“అదీ రాయండి” అంది.