తక్లోబోలకు నంబర్లు వేసిన పూరింగ్

సమార్ దీవి తూర్పు తీరంలోని ఆ చిన్న మత్స్య విశ్వవిద్యాలయంలో పురిఫికాసియోన్ అబైగార్ ఎవరని అడిగితే చాలామంది తెల్లమొహం వేసేవారు. పూరింగ్ మానంగ్ అంటే మాత్రం ప్రొఫెసర్లు సైతం సొరుగులు సర్దుకునేవారు. పిన్నా పెద్దా అందరికీ ఆమె మానంగే, అంటే అక్కే. బయటి సంస్థలు పరిశోధనకని ఇచ్చిన నిధులతో ఏ వస్తువు కొన్నా దాని మీద పసుపుపచ్చ స్టిక్కర్ అంటించి, నంబరు వేసి, ఏడాదికోసారి స్వయంగా చూసి "ఉంది" అని సంతకం పెట్టడం ఆమె ఉద్యోగం. ఆమెకు ముందున్నాయన కుర్చీలోంచి లేవకుండానే సంతకాలన్నీ కానిచ్చేవాడు. పూరింగ్ అలా కాదు. ఒకసారి డీన్ గారు కంప్యూటర్ ఇంట్లో ఉందన్నారని ఆదివారం పూట వాళ్లింటికే వెళ్లింది. ఆయన మనవడు ఆడుకుంటున్న కంప్యూటర్‌ను తిరగేసి స్టిక్కర్ చూసి, పెట్టిన కాఫీ తాగి, వచ్చేసింది.

ఇరవై రెండేళ్లు ఇలా గడిచాక డాక్టర్ జోవెలిన్ సింకో వచ్చింది. ముప్పై మూడేళ్ల మనిషి, నడకలో పరుగు ఉండేది. విదేశీ సంస్థ ఒకటి ఆమెకు మూడేళ్ల పరిశోధనకు డబ్బు ఇచ్చింది. ఆ డబ్బుతో ఆమె కొన్నది నలభై ఎనిమిది తక్లోబోలు. ఒక్కొక్కటి రెండడుగుల వెడల్పున్న రాక్షసి ఆల్చిప్ప. ఆ తీరంలో ఒకప్పుడు పుష్కలంగా ఉండి, తినీ అమ్మీ జనమే ఊడ్చేసిన జాతి. తల్లి చిప్పలను తెచ్చి, తీరానికి అరకిలోమీటరు దూరంలో పగడాల మధ్య పెట్టి, మళ్లీ పిల్లలు పుట్టేలా చెయ్యాలని ఆమె పట్టుదల.

బిల్లులు పట్టుకొచ్చిన రోజున పూరింగ్ కళ్లద్దాలు సవరించుకుంది.

"వీటికి నంబర్లు వెయ్యాలి, డాక్టరమ్మా."

జోవెలిన్ నవ్వింది. "మానంగ్, అవి బతికున్నాయి."

"నియమావళిలో బతికున్నవీ చచ్చినవీ అని లేదు. ఏడాది దాటి పనికొచ్చే వస్తువు అని ఉంది. ఇవెన్నాళ్లు బతుకుతాయి?"

"వందేళ్లు బతికినా బతకొచ్చు."

"మరింకేం. మనందరికంటే గట్టి వస్తువు."

కాగితం స్టిక్కర్ ఉప్పునీళ్లలో నిలవదు. పూరింగ్ వారం రోజులు బజారంతా తిరిగి, పశువుల చెవులకు వేసే పసుపు ప్లాస్టిక్ బిళ్లలు పట్టుకొచ్చింది. వాటి మీద తన చేత్తో పెద్ద పెద్ద అంకెలు వేసింది. పడవ నడిపే బెర్తింగ్ వాటిని చిప్పల వీపున జిగురుతో అతికించి వచ్చాడు. పని అయింది కదా అనుకున్నారు. అసలు చిక్కు ఏడాది తిరిగాక వచ్చింది.

రెండో విడత నిధులు విడుదల కావాలంటే వస్తువులన్నీ ఉన్నాయని తనిఖీ పత్రం వెళ్లాలి. పరిశోధన డైరెక్టర్ గారు కులాసాగా అన్నారు. "నీళ్లలో తీసిన ఫొటోలున్నాయి కదా పూరింగ్, సంతకం పెట్టెయ్."

"ఫొటో నిన్నటిదో నిరుటిదో నాకెలా తెలుస్తుంది సార్? ఆరో అధ్యాయంలో 'స్వయంగా చూసి' అని ఉంది. ఆ పరిశోధనలో ఉన్నవాళ్లు చూస్తే చెల్లదని కూడా ఉంది."

"అయితే ఎవరు చూస్తారు?"

పూరింగ్ కిటికీలోంచి సముద్రం వైపు చూసింది. దీవిలో పుట్టి, దీవిలో పెరిగి, యాభై నాలుగేళ్లొచ్చినా ఆమె మోకాళ్లు దాటి సముద్రంలో దిగలేదు. చిన్నప్పుడు అన్నలంతా పడవలెక్కితే ఈమె గొడుగేసుకుని బడికెళ్లింది. ఆఫీసు ఉద్యోగం చెయ్యాలని, నల్లబడకూడదని. ఈత ఆ తర్వాతెప్పుడూ అవసరం పడలేదు.

"నేనే చూస్తాను" అంది.

ఆ మాట జోవెలిన్ చెవిన పడేసరికి ఆమె పరిగెత్తుకుంటూ వచ్చింది. "మానంగ్, నిజంగానా? భయం లేదా?"

"చచ్చేంత ఉంది. గడువు ఇంకా పన్నెండు రోజులు కదా, తగ్గుతుందిలే."

మరునాటి నుంచి రోజూ ఆఫీసు వదలగానే బెర్తింగ్ ఇంటి ముందు నీళ్లలో చదువు మొదలైంది. బెర్తింగ్‌కి అరవై దాటాయి, ఊరందరికీ మానోయ్, అంటే అన్న. నోరు తిన్నగా ఉండదు. పూరింగ్‌కి నారింజ రంగు తేలే చొక్కా తొడిగి, మొహానికి అద్దం కట్టి, నోట్లో గొట్టం పెట్టాడు.

"మొహం నీళ్లలో పెట్టు."

"పెడితే ఊపిరాడదు, మానోయ్."

"గొట్టం ఉన్నది దేనికి, అలంకారానికా? చేపలు నీ ఫైళ్లు అడగవులే, పెట్టు."

మొదటి రోజు పెట్టి, దగ్గి, లేచి, బెర్తింగ్‌ను నానా మాటలూ అంది. రెండో రోజు పది లెక్కపెట్టేదాకా ఉంది. నాలుగో రోజు ఇసుక మీద పాకుతున్న పీతను చూసి దాని వెంట అలాగే వెళ్లిపోయింది. లేచి చూస్తే ఒడ్డు దూరమైంది. బెర్తింగ్ పక్కనే నిలబడి చుట్ట వెలిగించుకుంటున్నాడు. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు, భయంతో కాదు. తెల్లారి ఆఫీసులో అందరికీ పీత సంగతి చెప్పింది. ఏ రంగు, ఎన్ని కాళ్లు, ఎటు వెళ్లింది, అన్నీ.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం సముద్రం బాగా వెనక్కి లాగిన వేళ పడవ బయల్దేరింది. బెర్తింగ్ చుక్కాని దగ్గర, జోవెలిన్ బక్కెట్లూ సంచుల మధ్య, పూరింగ్ మెడలో తాడుతో కట్టిన పెన్సిలూ, నీటికి తడవని పలకా. పగడాల దగ్గర లంగరు వేశారు. ఆమె శిలువ గుర్తు వేసుకుని, పడవ అంచు పట్టుకుని దిగి, మొహం నీళ్లలో పెట్టింది.

గొట్టంలోంచే ఏదో కేక వచ్చింది. జోవెలిన్ కంగారుగా దూకబోతే బెర్తింగ్ ఆపాడు. "ఉండమ్మా, అది భయం కేక కాదు."

కింద రెండు నిలువుల లోతున చిప్పలు నోళ్లు తెరుచుకుని వరుసలుగా ఉన్నాయి. నీలం, ఆకుపచ్చ, నేరేడు రంగు, ఒక్కోదాని పెదవికి ఒక్కో రంగు. వాటి వీపుల మీద తన చేతి అంకెలు. ఒకటి. రెండు. మూడు. తన ఏడు అంకెకు నడుము మీద వేసే అడ్డగీత కూడా కనిపిస్తోంది. ఆమె వరుస వెంట తేలుతూ పలక మీద గీతలు పెట్టుకుంటూ పోయింది. చివరికి లెక్క తేల్చింది. నలభై ఏడు. మళ్లీ మొదటినుంచి చూసింది. నలభై ఏడే. ముప్పై ఒకటో నంబరు ఉండాల్సిన చోట ఇసుకలో గుంట ఉంది.

పడవ అంచు పట్టుకుని అద్దం పైకెత్తింది. "ముప్పై ఒకటి లేదు."

జోవెలిన్ మొహం పాలిపోయింది. "పోయిన నెల ఉంది మానంగ్. నేనే చూశాను."

"నువ్వు చూస్తే చెల్లదు కదమ్మా." ఆ మాట అన్నాక ఆమెకే బాధేసింది. వస్తువు పోయిందని రాస్తే విచారణ, విచారణ తేలేదాకా నిధులు ఆగుతాయి. రాయకపోతే తను పూరింగ్ కాదు. "ఇంకోసారి చూస్తాను. పోయిన వస్తువు చుట్టుపక్కల కూడా వెతకాలని ఉంది" అని మళ్లీ మొహం ముంచింది.

అప్పుడు పన్నెండో నంబరు దగ్గింది. ఆమె తర్వాత అందరికీ అలాగే చెప్పేది, దగ్గిందని. పెద్ద చిప్ప ఒక్కసారిగా ముడుచుకుని, తెల్లటి పాలలాంటిది ఎగజిమ్మింది. పక్కనున్న పదమూడు జిమ్మింది. ఆ వెనక ఇరవై, ఇరవై ఒకటి. పూరింగ్ కాళ్లు కొట్టుకుంటూ తల పైకెత్తింది.

"డాక్టరమ్మా, నీ చిప్పలకు వాంతులవుతున్నాయి."

జోవెలిన్ ఒక్క క్షణం అలా చూసి, చెప్పులు కూడా విప్పకుండా దూకేసింది. మళ్లీ తల పైకెత్తినప్పుడు ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "వాంతులు కాదు మానంగ్, ఈనుతున్నాయి. బెర్తింగ్ మానోయ్, సంచులు, అన్ని సంచులూ ఇటు పడెయ్."

ముందు వచ్చేది మగపాలు, కాసేపటికి అదే చిప్ప గుడ్లు వదులుతుంది. గుడ్లు వచ్చే ముహూర్తానికి సంచి నోరు చిప్ప జిమ్మే గొట్టం మీద పెట్టి పట్టుకోవాలి. జోవెలిన్ మునిగి పట్టి ఇస్తుంటే బెర్తింగ్ పైకి మోస్తున్నాడు. పూరింగ్ పైన తేలుతూ దారి చూపిస్తోంది. "తొమ్మిది ముడుచుకుంటోంది, వెళ్లు. అది కాదు, నీ ఎడమ వైపు, నలభై నాలుగు." ఏ నంబరు ఎక్కడుందో ఆమెకు అప్పుడే కంఠతా వచ్చేసింది. ఇరవై రెండేళ్లలో ఎవరినీ ఆమె అంత గట్టిగా పిలవలేదు.

నీళ్లు పాలవిరుగుడులా అయిపోతుంటే, దూరంగా, వరుసలకు అవతల, ఎవరూ చిప్ప పెట్టని పగడపు చూరు కింద నుంచి సన్నటి తెల్లటి పొగ లేచింది. పూరింగ్ అటు ఈదింది. ఎవరూ పక్కన లేరన్న సంగతి సగం దూరం వెళ్లాక గాని గుర్తు రాలేదు. చూరు కింద పక్కకు ఒరిగి, వానాకాలపు అలలకు దొర్లుకుంటూ వచ్చి ఇరుక్కుపోయిన పెద్ద చిప్ప. వీపున నాచు పట్టిన పసుపు బిళ్ల. చేత్తో రాసిన మూడు, దాని పక్కన ఒకటి.

పలక మీద గీత పెట్టడానికి చూస్తే పెన్సిల్ ఎక్కడో పోయింది. ఒడ్డుకొచ్చాక బెర్తింగ్ పెళ్లాం పెట్టిన వేడివేడి చేపల చారూ అన్నమూ తడి బట్టల మీదే మూడు పళ్లేలు తిని, తనిఖీ పత్రం అక్కడే సంతకం చేసింది. నలభై ఎనిమిదీ ఉన్నాయి.

నెల్లాళ్లకు విశ్వవిద్యాలయం తొట్లలో నువ్వుగింజంత పిల్లలు వేలకు వేలు అంటుకుని ఉన్నాయి. అందరూ ఫొటోలు తీసుకుంటుంటే పూరింగ్‌కి ఒక ఆలోచన వచ్చి నిద్ర పట్టనివ్వలేదు. తల్లులు విశ్వవిద్యాలయం ఆస్తి. మరి పిల్లలెవరివి? నియమావళి ఎనభై ఆరు పేజీలూ రెండుసార్లు తిరగేసింది. ఎక్కడా లేదు. డబ్బిచ్చిన సంస్థకు ఉత్తరం రాసింది. వాళ్లు మర్యాదగా, తమకెవరూ ఇలాంటి ప్రశ్న వెయ్యలేదనీ, మీ నియమాలు ఎలా చెబితే అలాగేననీ జవాబిచ్చారు.

"అంటే మనం రాయాలి" అంది పూరింగ్.

"మనం అంటే?" అన్నారు డైరెక్టర్ గారు.

ఆమె అప్పటికే రాసుకొచ్చింది. బయటి నిధులతో కొన్న జీవుల సంతానాన్ని సముద్రంలో వదిలిన రోజు నుంచి అవి విశ్వవిద్యాలయం ఆస్తి కావు, ఆ తీరపు జాలర్ల సంఘం సంరక్షణలో ఉంటాయి, వాటికి నంబరు అక్కర్లేదు. ఆరు పంక్తులు. మార్చిలో పాలకమండలి ముందుకు వెళ్లింది. పూరింగ్ గోడవార కుర్చీలో చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సభ్యుడొకాయన చదివి, "ఈ పేరా ఏ న్యాయవాది రాశారు?" అన్నాడు. డైరెక్టర్ గారు గోడవైపు చూపించారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అదే ఆరో అధ్యాయంలో చివరి పేరా అయింది.

మరుసటి ఏడాది ఎండాకాలంలో అరచెయ్యంత పెరిగిన మూడు వేల పిల్ల చిప్పలను బెర్తింగ్ వాళ్ల ఊరి ముందు సముద్రంలో వదిలారు. పద్నాలుగు పడవలు కట్టుకుని ఆడవాళ్లు, మగవాళ్లు, పాదిరీ గారు, బుట్టల నిండా ఆకులో చుట్టిన తీపి అన్నంతో బయల్దేరారు. పడవలో కూర్చుని, వచ్చిన జాలర్ల చేత సంరక్షణ కాగితాల మీద సంతకాలు పెట్టించే పని పూరింగ్‌ది. సగం సంతకాలయ్యాయో లేదో, నీళ్లలోంచి జోవెలిన్ తల పైకెత్తి, "మానంగ్, ఇటు రండి, ఇవి చూడండి" అని పిలిచింది. పూరింగ్ ఆ కాగితాలు పాదిరీ గారి చేతిలో పెట్టి, అద్దం మొహానికి లాక్కుని, దూకింది.