అప్పలసూరి తీసిన రెండో ఫొటో

కొత్తవలస దాటాక కిరండూల్ లైను పట్టాల వెంట నాలుగు కిలోమీటర్లు పోతే ఒక రైలు గేటు వస్తుంది. గేటు పక్కన టీకొట్టు, టీకొట్టు పక్కన రేకుల షెడ్డు. అందులోనే అప్పలసూరి ఫొటో స్టూడియో. తల్లి పేరున ‘దేముడమ్మ ఫొటో స్టూడియో’ అని ముచ్చటపడి బోర్డు రాయించాడు గానీ, ఆ పేరు పలికిన పుణ్యాత్ముడు ఇంతవరకూ లేడు. అందరికీ అది సూరి కొట్టే. ఇనుపరాయి గూడ్సు వెళ్లినప్పుడల్లా కొట్టు మొత్తం వణుకుతుంది. ఫొటోకి కూర్చున్నవాళ్లు బండి వెళ్లిపోయేదాకా బిగుసుకుని కూర్చోవాలి.

సూరిది వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఉన్న కాస్త భూమీ అన్న చూసుకుంటున్నాడు కాబట్టి, ఇరవై ఏళ్ల కిందట ఇతను కెమెరా పట్టాడు. చుట్టూ ఉన్న పల్లెల్లో అతను తీయని ముఖం లేదు. పాసుపుస్తకానికీ, పింఛనుకీ, పిల్లల హాల్‌టిక్కెట్టుకీ అందరూ అక్కడికే వచ్చేవారు. పాస్‌పోర్టు ఫొటో అనేసరికి ఎంత సరదా మనిషైనా పోలీసు స్టేషన్లో నిలబడ్డట్టు ముఖం పెడతాడు కదా. సూరి ఆ ముఖాన్నే తీసేవాడు. తీసి, “అయిపోనాది, లెగండి” అనేవాడు. మనిషి హమ్మయ్య అని లేవబోతుంటే ఏదో ఒక మాట అనేవాడు. అవతలివాళ్లు ఫక్కున నవ్వేవారు. ఆ నవ్వులో ఇంకో ఫొటో నొక్కేవాడు.

ఆ రెండో ఫొటోకి డబ్బులు తీసుకునేవాడు కాదు, ఎవరికీ చూపించేవాడూ కాదు. కంప్యూటర్లో డి డ్రైవులో ‘రెండోది’ అని ఒక ఫోల్డరు, అందులో ఊరి పేరు, ఊరి లోపల ఇంటిపేరు. అక్కడ దాచిపెట్టేవాడు. ఎప్పుడో ఆ మనిషి కాలం చేస్తే, పదో రోజుకి పటం కట్టించడానికి ఇంటివాళ్లు వస్తారు. అప్పుడు ఆ నవ్వుముఖం పెద్దది చేసి, నీలం రంగు వెనక వేసి ఇచ్చేవాడు. “ఇది ఎప్పుడు తీసినావు సూరీ?” అని వాళ్లు ఏడుస్తూనే ఆశ్చర్యపోయేవారు. దీనికోసమే తీశానని చెప్పగలడా? బతికున్న మనిషిని చూస్తూ చావు తలచుకున్నాడని తెలిస్తే ఏ ఇంటివాళ్లు గుమ్మం తొక్కనిస్తారు?

ఈ అలవాటుకి కారణం అతని తల్లి. దేముడమ్మ నవ్వితే మూడిళ్ల అవతలికి వినబడేది. పోయాక చూస్తే రేషను కార్డు ఫొటో ఒక్కటే దొరికింది. అందులో ఆవిడ ఎవరితోనో తగువుకి దిగినట్టు ఉంది. దాన్నే పటం కట్టారు. ఆ పటం చూసి మనవలు జడుసుకునేవారు. సూరికి అది గుండెలో ముల్లులా ఉండిపోయింది.

పోయిన ఏడాది వానాకాలంలో జగన్నాధం పోయాడు. వరి చేలో గట్టు వేస్తూ అలాగే కూలిపోయాడు. సూరికి చుట్టరికం లేదుగానీ చిన్నప్పటినుంచీ బావా అంటే బావా అనుకున్నవాళ్లు. జగన్నాధానికి పిల్లల్లేరు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ బటన్ ఫోన్ల మనుషులు. పెళ్లి ఫొటోలు హుద్‌హుద్ తుపానులో పెట్టెతో సహా నాని ముద్దయిపోయాయి.

మూడో రోజున అతని భార్య లక్ష్మణమ్మ కొట్టుకి వచ్చింది.

“అన్నియ్యా, మీ బావ పటం కట్టించి ఇయ్యాల. పదోరోజుకి కావాల. నవ్వుతున్నది ఉంటే అదే పెట్టు. గున్నమ్మ మొగుడి పటం నువ్వే కదేటి కట్టినావు, బతికున్నట్టే ఉన్నాడు” అంది.

“ఉన్నాదమ్మీ. నా దగ్గిర పదిలంగా ఉన్నాది. నువ్వు బెంగెట్టుకోకు” అన్నాడు సూరి.

ఆమె వెళ్లాక కంప్యూటరు నొక్కాడు. నల్ల తెర మీద నాలుగు తెల్ల అక్షరాలు వచ్చి ఆగిపోయాయి. ఆపి మళ్లీ నొక్కాడు. అవే అక్షరాలు. లోపల ఎక్కడో టిక్కు టిక్కుమని చిన్న చప్పుడు. పదిహేనేళ్ల కిందట విశాఖపట్నంలో ఎవరో వాడి వదిలేస్తే కొన్న డెస్క్‌టాప్ అది. మూలగని రోజు లేదు కాబట్టి ఆ చప్పుడుని సూరి పట్టించుకోలేదు.

అతని మేనల్లుడు నరేష్ విశాఖలో కంప్యూటర్లు బాగుచేసే పనిలో ఉన్నాడు. “మావా, నీ పెట్టి ముసిలిదైపోనాది, విండోస్ మొయ్యలేదు. లినక్స్ ఏసుకో, తేలిగ్గా నడుస్తాది” అని ఆరునెలల కిందటే ఒక పెన్‌డ్రైవు చేతిలో పెట్టాడు. అది సొరుగులో పడి ఉంది. మర్నాడు పొద్దున్నే సూరి దాన్ని బయటికి తీశాడు.

ముందువైపు గుచ్చితే కంప్యూటరు దాన్ని గుర్తుపట్టలేదు. పెట్టెని తిప్పి, సాలెగూడు దులిపి వెనకవైపు గుచ్చాడు. అప్పుడు కదిలింది, కదిలి మళ్లీ తెర నల్లబడింది. నరేష్‌కి ఫోన్ చేస్తే, తెరని నడిపే కార్డు పాతది కాబట్టి మొదలవకముందే ఫలానా మాట టైపు చెయ్యాలని ఒక్కొక్క అక్షరం చెప్పాడు. రెండుసార్లు తప్పు కొట్టి, మూడోసారికి సరిగ్గా కొట్టాడు. తెర మీద కొత్త బొమ్మ వెలిగింది. లినక్స్ ఇంకా డిస్కులోకి ఎక్కలేదు, పెన్‌డ్రైవు మీంచే నడుస్తోంది.

“ఇప్పుడు నీ ఫొటోలు కనబడతన్నాయేటి మావా?”

వెతికాడు. కనబడ్డాయి. ‘రెండోది’ తెరిచాడు, ఊరు తెరిచాడు, ఇంటిపేరు తెరిచాడు. జగన్నాధం తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుపోయేలా నవ్వుతున్నాడు. సూరి కళ్లు తుడుచుకున్నాడు.

“ముందు ఆ ఫొటోలన్నీ వేరేదాంట్లోకి తీసీ. తర్వాతే ఇన్‌స్టాల్ కొట్టు. నాకు పనున్నాది, మళ్లీ సేస్తాను” అని నరేష్ పెట్టేశాడు.

ఇక్కడే సూరి చేసిన తప్పు. ఉన్న ఒక్క పెన్‌డ్రైవు కంప్యూటరుకి గుచ్చి ఉంది. ఇంకోటి కావాలంటే కొత్తవలస వెళ్లాలి. ప్రింటరు చూస్తే ఈ కొత్తదానికి లొంగడం లేదు, డిస్కులోకి పూర్తిగా ఎక్కిస్తే గాని లొంగదేమో అనుకున్నాడు. పైగా పాత కంప్యూటరు వాడినవాళ్లందరికీ ఒక వేదవాక్కు ఉంది కదా: విండోస్ పాడైతే సి డ్రైవు చెరిపి కొట్టెయ్, డి జోలికి పోకు. ఇరవై ఏళ్లలో అతని కంప్యూటర్లలో ఎన్నిసార్లు సి కొట్టారో లెక్కలేదు, ఒక్కసారి కూడా డి చెక్కుచెదరలేదు. సూరి దృష్టిలో సి అంటే వాకిలి, డి అంటే తాళం వేసిన గది. వాకిలి కడిగితే గదిలో సామాను పోతుందా?

ఇన్‌స్టాల్ నొక్కాడు. తెర మీద సి లేదు, డి లేదు. డిస్కుని చెరిపి లినక్స్ వెయ్యనా, ఇంకోలా చెయ్యమంటావా అని అడిగింది. ఇంకోలా అన్నది నొక్కితే అర్థంకాని అంకెల పట్టిక వచ్చింది, భయపడి వెనక్కి వచ్చాడు. నరేష్‌కి ఫోన్ చేశాడు, ఎత్తలేదు. డిస్కు అంటే సి అనే కాబోలు అనుకున్నాడు. ‘చెరిపి’ అన్నదాని మీద నొక్కాడు.

ఇంకొక్క గంట ఆగి ఉంటే నరేషే తిరిగి ఫోన్ చేసేవాడు. చేశాడు కూడా.

“ఎక్కేసిందిరా నరేషూ! పరుగులు తీస్తన్నాది” అన్నాడు సూరి సంబరంగా. “కానీ డి ఎక్కడున్నాదో కనబడ్డం లేదు.”

“మావా, ఏటి నొక్కినావు?” అని నెమ్మదిగా అడిగాడు నరేష్. విని, “ముందు కంప్యూటరు ఆపీ. దేన్నీ ముట్టుకోకు” అన్నాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. ఆదివారం నరేష్ వచ్చి, చెరిగిన డిస్కులోంచి ఫొటోలు తోడే పని మొదలుపెట్టాడు. పొద్దుటినుంచీ ఇద్దరూ తెర ముందే కూర్చున్నారు. ముఖాలు ఒక్కొక్కటే వస్తున్నాయి. పేరు లేదు, ఊరు లేదు, ఇంటిపేరు లేదు. కొన్నిటికి నుదురూ కళ్లూ ఉన్నాయి, కింద నవ్వు ఉండాల్సినచోట బూడిదరంగు పట్టీ. ప్రతి ముఖానికీ సూరి ముందుకి వంగేవాడు, కాదని వెనక్కి వాలేవాడు. మధ్యాహ్నం దాటాక టిక్కు టిక్కుమనే చప్పుడు పెద్దదైంది. కాసేపటికి డిస్కు పూర్తిగా ఆగిపోయింది. జగన్నాధం అప్పటికి బయటికి రాలేదు.

“మావా, ఈ డిస్కు ముందునుంచే పోతన్నాది. విండోస్ లెగనిది కూడా అందుకే” అన్నాడు నరేష్.

“కళ్లముందు నవ్వుతా ఉన్నాడురా. ఫోన్ జేబులోనే ఉన్నాది. కనీసం తెర మీదున్నదాన్ని ఫోన్‌తో తీసుకున్నా సరిపోయీది. ఇరవయ్యేళ్లు ఫొటోలు తీసినోడికి ఆ బుద్ధి పుట్టలేదు” అని సూరి తల పట్టుకున్నాడు. అతను ఏడవడం నరేష్ ఎప్పుడూ చూడలేదు.

పాసుపుస్తకంలో అంటించిన ఫొటో మీద ముద్ర పడిపోయింది, ఇక మిగిలింది ఆధార్ కార్డు. చేసేదేం లేక సూరి ఆ మసక ముఖాన్నే కొత్తవలసలో వేరే స్టూడియోలో పెద్దది చేయించి, పటం కట్టించి, తొమ్మిదో రోజున సంకలో పెట్టుకుని లక్ష్మణమ్మ ఇంటికి వెళ్లాడు. దారంతా ఏం చెప్పాలో అనుకుంటూనే ఉన్నాడు.

“అమ్మీ, ఇది నవ్వుతున్నది కాదు. అది నా దగ్గిరే ఉండీది. నా సేత్తోనే సెరిపీసినాను.”

“సెరిపీడం ఏటి? పెట్టిలోనే ఉంటాది కదా, మళ్లీ సూడు.”

“పెట్టిలో లేదమ్మీ. ఇంకెక్కడా లేదు.”

లక్ష్మణమ్మ పటం అందుకుంది. కొంగుతో అద్దం తుడిచి చాలాసేపు చూసింది. “ఈయనెవులో కోపంగా ఉన్నాడు. మా ఇంటి మనిసి కాదు” అంది.

ఆమె తిట్టినా సూరి పడేవాడు. ఈ మాట పడలేకపోయాడు. తలవంచుకుని లేవబోయాడు.

“కూకో అన్నియ్యా. ఆ ఫొటో నువ్వు సూసినావు కదా. ఎలగ నవ్వినాడో సెప్పు.”

సూరి కూర్చున్నాడు. చెప్పడం మొదలుపెట్టాడు. “రెండేళ్లవుతాది. పాసుపుస్తకానికని వచ్చినాడు. లెగుతుంటే, ఏటి బావా, మా సెల్లి వంటకి వంక ఏటైనా ఉన్నాదేటి అని అడిగినాను. ఎవులైనా వింటన్నారేమోనని అటూ ఇటూ సూసినాడు. ‘దాని సేతికి ఉప్పు రాదు సూరీ. పెళ్లైనకాణ్నుంచీ నడుంకి ఉప్పు పొట్లం కట్టుకునే తింటన్నాను. అది అటు తిరిగితే సిటికెడు ఏసుకుంటాను. ఆ పొట్లం ఏటని అడిగితే ఎద్దులకని సెప్పీసినాను’ అన్నాడు. అనీసి ఇంక ఆగలేకపోనాడు. తల ఎనక్కేసి, కళ్లు మూసుకుని నవ్వినాడు. అప్పుడు నొక్కినాను.”

లక్ష్మణమ్మ పటం ఒళ్లో పెట్టుకుంది.

“ఎద్దులు అమ్మీసి ఆరేళ్లయిపోనాది అన్నియ్యా. తర్వాత కూడా పంచి ఉతికితే ఉప్పు రాలీది. అలవాటు కొద్దీ అనుకున్నాను” అంది. మొదట నవ్వొచ్చింది ఆమెకి. ఆ నవ్వు పూర్తికాకుండానే ఏడుపైపోయింది. ఇన్ని రోజుల్లో ఆమె అంత గట్టిగా ఏడవలేదని పక్కింటివాళ్లు తర్వాత చెప్పారు.

ఊళ్లో ఎవరింటినుంచి ఏడుపు వినబడినా సూరికి ఇప్పుడు మొదట గుర్తొచ్చేది ఆ ఇంటిపేరున్న ఫోల్డరు. ఇంకా ఎంతమందికి తలవంచుకుని చెప్పాలో అతనికే తెలియదు. కొత్త డిస్కు వేశాడు, లినక్సే నడుస్తోంది, ప్రతి రెండో ఫొటోనీ రెండుచోట్ల దాస్తున్నాడు. దాచినవి కొత్తవి. పోయేవాళ్లు పాతవాళ్లు.

పోయిన ఏడాది ఆ పదో రోజున జగన్నాధానికి ఇష్టమైనవన్నీ లక్ష్మణమ్మే వండింది. ఆకులో వడ్డించి పటం ముందు పెట్టింది. దండం పెట్టబోయి ఆగింది. వంటింట్లోకి వెళ్లి చిటికెడు ఉప్పు తెచ్చి ఆకు అంచున వేసి, జనం అందరి ముందూ ఆ పటానికి వీపు చేసి, అటు తిరిగి నిలబడింది.