పండుకున్న డబ్బా

మా అమ్మకు చూపు పోయాక కథలు నేనే చదివి రికార్డు చేయడం మొదలుపెట్టాను. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఏరుకొచ్చిన పాత పుస్తకాలన్నీ నా గొంతుతో మా నాంపల్లి ఇంట్లోని ఒక పాత కంప్యూటర్‌లోకి చేరాయి. దాంట్లో విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ వేసి, మూలన పెట్టి, అడిగినప్పుడల్లా కథలు అందించే ఇంటి సర్వర్‌ని చేశాను. నేను కోఠిలో పాఠాలు చెప్పే బడికి వెళ్లాక అమ్మ తన పక్కనున్న చిన్న స్పీకర్ బటన్ నొక్కితే చాలు, కథ వస్తుంది. కంప్యూటర్‌ను ముట్టుకోవాల్సిన పని ఎవరికీ లేదు.

వచ్చిన చిక్కల్లా, కథ మధ్యలో అది నిద్రపోవడం. ఒకరోజు అలాగే ఆగిపోతే, దాన్ని లేపుదామని అమ్మ గోడ పట్టుకుని బయలుదేరి, గడప తగిలి పడింది. మోచేయి వాచింది. "అది పండుకున్నది బిడ్డా," అంది నేను రాగానే, తప్పు తనదే అన్నట్టు.

సంగతి తెలిసి వాళ్లింటి నుంచి వచ్చిన తమ్ముడు ఊరుకోలేదు. "గా డబ్బాను నమ్ముకొని అమ్మను ఒక్కదాన్నే ఇడిసిపోతవా అక్కా? నౌకరి మానెయ్యి. లేకుంటే నేను తీస్కపోత. ఉత్తగ కూసునేదానికి ఏ ఇల్లయితేంది?"

"నేను ఏడికి రాను," అంది అమ్మ. ఇక మిగిలింది నేను ఉద్యోగం మానడమే. నాకు ఒళ్లు మండింది. ఇష్టపడి చేస్తున్న పనిని ఒక డబ్బా కునికిపాట్ల కోసం వదులుకోవాలా?

"ఆదివారం దాక ఆగు," అన్నాను.

"ఆగుత. గప్పటికి గూడ పండుకుంటే నా మాట ఇనాలె."

పని లేనప్పుడు తనంతట తాను నిద్రపోయే సెట్టింగ్‌ను నేను మొదటి రోజే తీసేశాను. మళ్లీ చూశాను. తీసే ఉంది. పైగా ఆదివారాల్లో అది రోజంతా చక్కగా చదివేది. నా ముందు బుద్ధిమంతురాలిలా ఉండి, నేను గడప దాటగానే నడుం వాల్చే రకం. అలాంటివాళ్లను బడిలో చాలామందినే చూశాను.

అయితే బడి రోజుకూ ఆదివారానికీ తేడా ఏమిటి? రాత్రి పడుకునే ముందు ఇంట్లో స్విచ్చులన్నీ ఆపెయ్యాలన్నది అమ్మ పెట్టిన నియమం. పొద్దున హడావిడిలో నేను కంప్యూటర్ స్విచ్ వేసి పరుగెత్తేదాన్ని. కథలు వాటంతట అవే మొదలవుతాయి కాబట్టి పాస్‌వర్డ్ కొట్టే పనే ఉండదు. ఆదివారం మాత్రం రికార్డు చేయడానికి పాస్‌వర్డ్ కొట్టి కూర్చుంటాను. తేడా అదొక్కటే.

ఆ ఆదివారం పాస్‌వర్డ్ కొట్టలేదు. స్విచ్ వేసి, వచ్చి అమ్మ పక్కన చేతులు కట్టుకుని కూర్చున్నాను. తమ్ముడూ కూర్చున్నాడు. కథ నడుస్తోంది. కాసేపటికి తెర నల్లబడింది. ఇంకాసేపటికి ఫ్యాన్ చప్పుడు ఆగింది. కథా ఆగింది.

"చూసినవా?" అన్నాడు తమ్ముడు.

"చూసిన," అన్నాను. నాకు నవ్వొచ్చింది.

నేను మార్చింది పాస్‌వర్డ్ కొట్టాక తెరుచుకునే నా ఖాతాలోని సెట్టింగ్. పాస్‌వర్డ్ అడిగే ఆ మొదటి తెరకు వేరే సెట్టింగ్ ఉందన్నమాట. ఎవరూ లోపలికి రాకపోతే, మీటలు నొక్కకపోతే, ఇంట్లో ఎవరూ లేరని దాని లెక్క. అంతసేపు చెవులప్పగించి వింటున్న మా అమ్మ దాని లెక్కలో మనిషే కాదు. తమ్ముడి లెక్కా అదే. వినడమంటే ఉత్తగ కూర్చోవడం! నాకు కంప్యూటర్ మీదకంటే వాడి మీదే ఎక్కువ కోపం వచ్చింది.

ఆ ఒక్క సెట్టింగ్ మార్చి ఊరుకోలేదు. నిద్రకు ఉన్న దారులన్నీ ఒకే ఆదేశంతో మూసేశాను. ఇక ఏ తెర చెప్పినా అది పడుకోదు.

"కరెంటు కాలుతది అక్కా."

"కాలనియ్యి."

ఆపి, మళ్లీ స్విచ్ వేసి, పాస్‌వర్డ్ కొట్టకుండానే వచ్చి కూర్చున్నాను. తెర నల్లబడింది. ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంది. ఒక కథ అయిపోయి ఇంకోటి మొదలైంది. తమ్ముడు అమ్మవైపు చూశాడు. తల వాలిపోయి ఉంది, కళ్లు మూసి ఉన్నాయి.

"అమ్మనే పండుకున్నది. ఇగ బంద్ చేస్త," అంటూ స్పీకర్ మీద చెయ్యి వేశాడు.

అమ్మ తల ఎత్తలేదు.

"చెయ్యి తియ్యి. ఇంటున్న."