నా పాటను నేనే సేకరించిన వైనం

పక్కవాడి పాట ఎత్తుకుపోయిన దొంగల గురించి మీరు వినే ఉంటారు. సొంత పాటను మోసుకెళ్లి, పుట్టనే పుట్టని మనిషి చేతిలో పెట్టి, పైగా దండం పెట్టి వచ్చిన మొనగాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. తెలివి పొంగి పొర్లుతుండేది, బుద్ధి మాత్రం అడుగంటింది.

మాది పోచంపల్లి వైపు మగ్గాల ఊరు. నాన్నకు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో పని దొరకడంతో మన్సూరాబాద్‌లో కిరాయి ఇంట్లో దిగాం. ఊళ్లో ఉన్నన్నాళ్లూ అమ్మ ఆసు పోసింది. అంటే నేయబోయే చీరకు కావలసిన నూలును మేకుల వరస మీద పోగు తర్వాత పోగు చుట్టడం. రోజంతా చెయ్యి కిందికీ మీదికీ ఆడుతూనే ఉండాలి. చీరలు ఎవరెవరి ఒంటి మీదికో వెళ్లాయి, నొప్పి మాత్రం అమ్మ భుజంలో ఉండిపోయింది. ఆ చెయ్యి మీద నేనొక పాట కట్టాను.

ఆసు మీద పోగులు పోసిన చెయ్యి
కొప్పు ముడుసుకుందమంటె లేవదమ్మో

మూడు నెలలు పట్టింది. అమ్మకు చెప్పలేదు. పాట పేరు తెచ్చుకున్నాక ఆమె ముందు ఫోను పెట్టి, "ఇది నీ పాటనే అమ్మా, నీ కొడుకు రాసిండు" అనాలని నా ఆశ. ఆ ఒక్క మాట కోసమే రాశాననుకోండి.

గడ్డిఅన్నారంలో సుబ్బారావుగారని గోదావరి జిల్లా ఆయన ఉండేవారు. రెండు గదుల గోడలకు కోడిగుడ్ల అట్టలు అతికించి స్టూడియో అని బోర్డు పెట్టారు. అక్కడే రికార్డు చేశాం.

"రచన అని నీ పేరు వేసేస్తున్నానయ్యా యాదగిరీ," అన్నారాయన.

"వద్దు సార్! సేకరణ అని ఎయ్యుండ్రి."

రచన అంటే వీడు రాశాడని. సేకరణ అంటే ఎవరో పెద్దవాళ్లు పాడుతుంటే విని రాసుకొచ్చాడని.

"అదేంటయ్యా? నువ్వే కదా రాశావు?"

"నేను రాసిన్నంటె ఎవడింటడు సార్? మూడు పాటలు నా పేరుతోని పెట్టినం, మా బామ్మర్ది తప్ప ఎవ్వడు సూడలే. నూరేండ్ల పాట అంటె కండ్లకద్దుకుంటరు. జర హిట్టు కానియ్యుండ్రి, అప్పుడు నేనే రాసిన్నని చెప్త. దునియ పరేషాన్ అయితది!"

"బాబూ, పేరు ఇప్పుడే వేసుకో. తర్వాత ఎవరూ వెయ్యరు."

ఆయన మాట విని ఉంటే ఈ కథ మీకు చెప్పే అవసరమే ఉండేది కాదు. నేను వినలేదు. కెమెరా ముందు కూర్చుని ఈరమ్మవ్వను పుట్టించాను. తొంభై ఏళ్లు, నోట్లో రెండే పళ్లు, గుడిసె ముందు కూర్చుని పాడుతుంటే నేను ఏడుస్తూ రాసుకున్నానని చెప్పాను. పళ్ల లెక్క ఎందుకు చెప్పానో నాకిప్పటికీ తెలియదు. అంతటితో ఆగానా? "గిసొంటి పాట మా తరంల ఎవ్వడు రాయలేడు. ఇది అవ్వ పాటనే. మా అమ్మ మీద ఒట్టు!" అన్నాను. ఒట్టు వేయమని ఎవరూ అడగలేదు.

పాట హిట్టయింది. మామూలు హిట్టు కాదు. ఆటోల్లో, జిమ్ముల్లో, పెళ్లి బరాతుల్లో అదే. లేవని చెయ్యి పాటకు పెళ్లికూతుళ్లు రెండు చేతులూ పైకెత్తి గెంతుతున్నారు. నాకు ఆనందం పది రోజులుంది. పదకొండో రోజు ఎల్బీనగర్‌లో ఎవరో దాన్నే డీజే కొట్టి, వాళ్ల పాటగా పెట్టుకున్నారు. ఆవేశంగా వాళ్ల ఆఫీసుకు పోయాను.

"అన్నా, గా పాట నాది. నేను రాసిన."

అక్కడున్న కుర్రాడు నింపాదిగా ఫోను తీశాడు. "నువ్వే గదన్నా ఈ వీడియోల ఉన్నది?"

"నేనే."

"ఈరమ్మవ్వ పాట అంటివి. అమ్మ మీద ఒట్టంటివి. ముసలామె పాట ఇప్పుడు నీదెట్లయితదన్నా? సిగ్గనిపిస్తలేదా?"

అనిపించింది. కానీ అతను అనుకున్నందుకు కాదు.

ఇంకా ఉంది, వినండి. నెల తిరక్కముందే తుర్కయంజాల్‌లో ఒక ఫంక్షన్ హాలులో ఈరమ్మవ్వ కుటుంబానికి సన్మానం పెట్టారు. లేని అవ్వకు మనవడు ఎక్కణ్ణుంచి వచ్చాడో, తెల్లబట్టలు కట్టుకుని వచ్చి శాలువా కప్పించుకున్నాడు. సేకరించినవాడిగా నన్నూ పిలిచి చివరి కుర్చీలో కూర్చోబెట్టారు. నాకు ఒక నీళ్ల సీసా ఇచ్చారు. మనవడు నా చెవి దగ్గరికి వంగి, "అన్నా, పండ్ల లెక్క తప్పు చెప్పినవ్. మా అవ్వకు మూడుండె," అన్నాడు. లేచి అరవాలనిపించింది. ఏమని అరవను? అవ్వ లేదంటే నేను అబద్ధాలకోరును. ఉందంటే పాట నాది కాదు. సీసాలో నీళ్లు తాగి వచ్చాను.

పోనీ లోకం నమ్మకపోతే నమ్మకపోయె, అమ్మకు చెబితే చాలనుకున్నాను. మర్నాడు పొద్దున ఆమె వెనక కూర్చుని తల దువ్వుతున్నాను. ఆమె ఒళ్లో ఫోనులో ఆ పాటే మోగుతోంది.

"ఎంత మంచిగ కట్టిందిరా ఆ అవ్వ," అంది అమ్మ. "ఆసు పోసినామెనే గట్ల పాడగల్గుతది. సూసెటోళ్లకు నొప్పి ఎట్ల ఎరుకైతది?"

"అమ్మా, గది నేనే రాసిన. నీ చెయ్యి మీదనే రాసిన."

అమ్మ పాట ఆపి, వెనక్కి తిరిగి నా మొహంలోకి చూసింది.

"మరి ఫోన్ల నా మీద ఒట్టేసి చెప్తివి గదరా?"

నేను దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు తీస్తూ కూర్చున్నాను.

"నా కొడుకు ఏమన్న జేస్తడు గని, నా మీద అబద్ధపు ఒట్టు ఎయ్యడు. ఎయ్యలే గద?"

ఆమె కళ్లలో భయం కనిపించింది. ఒట్టు తప్పితే తనకేదో అవుతుందని కాదు, తన కొడుకు అలాంటివాడు అవుతాడేమోనని. పాట కావాలో అమ్మ కావాలో అక్కడికక్కడే తేల్చుకోవాల్సి వచ్చింది.

"ఎయ్యలేదమ్మా. ఊకె పరాచికమాడిన. పాట అవ్వదే."

"ఒట్టు?"

"నీ మీద ఒట్టు."

"గట్ల చెప్పు. పెద్దామె పాట మనకెందుకురా, పాపం," అని తృప్తిగా అటు తిరిగి తల నా చేతికి అప్పగించింది. నాకు ఏడుపొచ్చింది. వెనక ఉన్నాను కాబట్టి ఆమెకు కనబడలేదు. కొప్పు ముడిచి పిన్నులు పెట్టాను.

కనుక పాఠక మహాశయులారా, ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా: ఇకమీదట నేను పాట రాస్తే రచన అనే వేసుకుంటాను. కూరగాయల చీటీ రాసినా కింద సంతకం పెడతాను. లేని ముసలివాళ్ల నోట్లో పళ్లు లెక్కపెట్టను. ఈ మాట మీద ఒట్టు వేయమని మాత్రం అడగకండి. నాకున్నది ఒక్క అమ్మ, ఆమె మీద ఇప్పటికే రెండు అబద్ధాలున్నాయి.